సుద్దతో రాసిన పేరు

మా వేలం కొట్టంలో
చేపల పేర్లు దేవదారు పలకల మీద వేలాడేవి.
నాన్న సిరాతో రాసినవి.
మొదటి మేకు స్క్విడ్‌ది, రెండోది సాల్మన్‌ది,
మిగతావన్నీ వాటి వాటి మర్యాదను బట్టి.

ఇది హొక్కైడో దక్షిణపు కొస.
ఆగస్టు రాత్రుల్లో పడవల దీపాలు
సముద్రం మీద ఇంకో ఊరు కట్టేవి.
ఆడవాళ్ళు కిటికీలోంచి లెక్కపెట్టి
"పద్ధెనిమిది. అందరూ ఉన్నారు" అనుకుని పడుకునేవాళ్ళు.
తెల్లారకముందే చిన్న లారీ సందుల్లో తిరుగుతూ
"ఇకా, ఇకా" అని స్క్విడ్‌ని పిలిచేది.
ఆ కేకకే పిల్లలు లేచేవాళ్ళు.
మా ఊరికి కోడి అక్కర్లేకపోయింది.

పద్ధెనిమిది పదకొండైంది. పదకొండు ఆరు.
ఏ రాత్రి నుంచో ఎవరూ చెప్పలేరు.
నీళ్ళు వెచ్చబడ్డాయన్నాడు పరిశోధన పడవ కుర్రాడు,
ఒక డిగ్రీ, ఒకటిన్నర.
స్నానపు తొట్టిలో నా ఒంటికి
ఆ తేడా తెలియనే తెలియదు.
స్క్విడ్‌కి చర్మమంతా తెలివి.
బాకీ ఏమీ లేని అద్దెమనిషిలా
చెప్పకుండా ఖాళీ చేసింది.
ఎక్కడికి? ఉత్తరానికి.
మరి ఉత్తరాన ఉన్నవి?
కుర్రాడు టీ కప్పు కింద పెట్టేశాడు.

సాల్మన్ కోసం పన్నిన వలల్లో
బురి పడింది, టన్నులకొద్దీ.
దక్షిణాన వెచ్చటి నీళ్ళలో పుట్టే చేప,
లావుగా, పక్కన పసుప్పచ్చ గీతతో.
అక్కడ దానికి వయసుతో పాటు పేరు మారుతుందట,
కొత్త ఏడాదికి వియ్యాలవారింటికి పంపేది దాన్నేనట.
ఇక్కడ దానికి వంట లేదు.
"నెత్తురెక్కువ" అన్నారు. "వాసన" అన్నారు.
మొదటేడు కిలో రేటు చెప్పడానికి నాకే నోరు రాలేదు.
పలక లేదు గనక
నల్లబల్ల మీద సుద్దతో రాశాను,
వచ్చే వారం తుడిచేయొచ్చని.

పదకొండేళ్ళయింది.

కినుయే గారిది నలభై మూడేళ్ళు స్క్విడ్ కోసిన కత్తి,
నూరి నూరి వెదురాకంత సన్నబడింది.
మొదటి బురి వెన్నెముక మీదే దాని మొన విరిగింది.
ఆవిడ ఏమీ అనలేదు.
మంచుముక్కల్లో వెతికి, మొనని కాగితంలో చుట్టి
జేబులో వేసుకున్నారు.
తొయామా నుంచి వచ్చే లారీ డ్రైవరు మినగావా
వాళ్ళమ్మ వండే పద్ధతి చెప్పాడు:
ముందు వేణ్ణీళ్ళు పోయాలి, తర్వాత ముల్లంగి, అల్లం, సోయా.
ఆవిడ నా వేలం చీటీ వెనక రాసుకున్నారు,
డెబ్భై దాటిన మనిషి, బడిపిల్లలా పెన్సిలు తడుపుకుంటూ.
కూర బావుంది.
ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు గిన్నెలో సగం పట్టింది.

తానిక్కడ పరాయినని బురికి తెలుసా?
తలుపు తీసి ఉంది, చలి లేదు, వచ్చింది.
దాని వెనకాల, దక్షిణాన
దాని నీళ్ళలోకి ఇంకేం వచ్చిందో,
ఏ రేవులో ఎవడు సుద్దముక్క వెతుక్కుంటున్నాడో.

మొన్న అక్టోబరులో
బురి కుప్ప అడుగున ఒక్క స్క్విడ్.
బతికే ఉంది. గాజులాంటి ఒళ్ళు,
అందులో గోధుమరంగు చుక్కలు వెలుగుతూ ఆరుతూ.
ఎవరో లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేశారు.
"రేటెంత?" అన్నాడు కొత్త కుర్రాడు.
మొదటి మేకు వైపు చూశాను.
నాన్న రాత, దాని మీద దుమ్ము.

కినుయే గారు ఆ మొన లేని కత్తే తీశారు.
ఊపిరి బిగబట్టి కోశారు, సన్నటి దారాలుగా.
కొట్టంలో పదిహేడు మందిమి,
తలా రెండు దారాలు.
కాసేపు ఎవరం నమల్లేదు.

బయట మినగావా హారన్ కొట్టాడు.
చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని
సుద్ద అందుకుని
బురి రేటు రాశాను.